అచ్చొచ్చిన మొదటి లైను: గజపతి జిల్లాలో ఒక 400 మీటర్ల ట్రాక్ కేస్ స్టడీ

ఆ స్కూల్లో 400 మీటర్ల పరుగంటే చాలు, పిల్లలు మొదటి లైను కోసం దెబ్బలాడుకునేవాళ్ళు. "ఫస్టు లైను అచ్చొస్తాది సార్" అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నాకు చెప్పింది. పెద్ద పోటీల్లో పరిగెత్తేవాళ్ళని అడగండి, మొదటి లైను వద్దంటారు. అక్కడ మలుపు బిగుతు. ఒళ్ళు బయటికి తోసేస్తుంటే ఆపుకుంటూ పరిగెత్తాలి. నాలుగో లైనో ఐదో లైనో వస్తే సంతోషిస్తారు. ఇక్కడ అంతా తిరగబడి ఉంది. అది పిల్లల నమ్మకమే అయితే పట్టించుకోనక్కర్లేదు. కానీ పీఈటీ సార్ కూడా అదే మాట అన్నారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నానండీ, మొదటి లైనువాళ్ళకి ఏదో కలిసొస్తోంది, అని.

మాది బరంపురం. ఆటస్థలాలు చదును చేయడం, ట్రాకులు వేయడం, వాటి మీద పడ్డ నీటికి దారి చూపించడం నా వృత్తి. ఈ కేసు పర్లాకిమిడి దాటాక శ్రీకాకుళం సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఒక ఊరిది. ఊరి పేరు రాయను, కమిటీ వాళ్ళు వద్దన్నారు. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, ఇళ్ళల్లో మాట మాత్రం తెలుగే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన నేల కదా ఇది. కమిటీ తీర్మానం ఒడియాలో రాస్తారు, దాని మీద చర్చ మొత్తం తెలుగులో నడుస్తుంది.

2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలో, 2036 ఒలింపిక్స్ కోసం మన దేశం పోటీపడుతుందని ప్రధాని ప్రకటించారు. ఆ వార్త ఈ ఊరికి బాగా ఎక్కింది. ఇక్కడి నుంచి ఆమదాలవలస ఎంతో దూరం కాదు. సిడ్నీలో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి ఆ పక్క పల్లెల్లో పుట్టిన మనిషి. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి భువనేశ్వర్లో సాధన చేసి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హర్డిల్స్‌లో రజతం తెచ్చింది కూడా అప్పుడే. మన పిల్లలకేం తక్కువ అని ఊళ్ళో చందాలు వేసుకున్నారు, బయట ఉద్యోగాలు చేసేవాళ్ళు కొంత పంపారు. నవంబరులో నాకు కబురొచ్చింది.

వాళ్ళ దగ్గర అప్పటికే ఒక ప్లాను ఉంది. పడమటి వైపు అయిదు మెట్ల సిమెంటు గేలరీ, దానిపైన రేకుల కప్పు, గేటు మీద పేరుతో ఆర్చి, నాలుగు మూలలా లైట్ల స్తంభాలు. ట్రాక్ గురించి ఒకటే వాక్యం: "ఉన్నదాన్ని బాగుచేయవలెను." డబ్బులో సగానికి పైగా గేలరీకే పోతుంది.

63 సెంటీమీటర్లు

ముందు ఉన్న ట్రాక్ కొలిచాను. గడ్డి మీద సున్నం గీతలు, అంతే. పీఈటీ సార్ చాలా శ్రద్ధగా గీసేవారు. పుస్తకంలో ఉన్న లెక్క ఉన్నట్టే తీసుకున్నారు: సూటి భాగం 84.39 మీటర్లు, మలుపు వ్యాసార్థం 36.50 మీటర్లు, లైను వెడల్పు 1.22. నేను స్టీలు టేపుతో చూస్తే ఆయన గీతలు ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాతో సరిగ్గానే ఉన్నాయి. మరి తప్పెక్కడ?

ఆ పుస్తకం లెక్కలో ఒక షరతు ఉంది. లోపలి అంచున కనీసం 5 సెంటీమీటర్ల ఎత్తున కర్బ్, అంటే చిన్న గట్టు, ఉండాలి. గట్టు ఉంటే కాలు తగులుతుందని పిల్ల కొంచెం ఎడంగా పరిగెత్తుతుంది. అందుకని మొదటి లైనుని కర్బ్‌కి 30 సెంటీమీటర్ల బయట కొలుస్తారు. 36.50కి 30 సెంటీమీటర్లు కలిపితే 36.80. ఆ వ్యాసార్థంతో రెండు అర్ధవృత్తాలు, వాటికి రెండు సూటి భాగాలు కలిపితే 400.00. గట్టు లేకుండా గీత మాత్రమే ఉంటే పిల్ల ఇంకా దగ్గరగా పరిగెత్తగలదు, అప్పుడు 20 సెంటీమీటర్ల దగ్గరే కొలవాలి. ఆ పది సెంటీమీటర్ల తేడా రెండు మలుపులు తిరిగేసరికి 63 సెంటీమీటర్లు అవుతుంది.

రెండో లైను నుంచి బయటికి అన్ని లైన్లనీ ఎప్పుడూ గీతకి 20 సెంటీమీటర్ల దగ్గరే కొలుస్తారు. సార్ స్టాగర్లు, అంటే బయటి లైన్ల మొదలు గీతని ఎంత ముందుకి జరపాలో ఆ దూరాలు, కూడా పుస్తకంలోవే వేశారు: రెండో లైనుకి 7.04 మీటర్లు ముందుకి, అక్కడి నుంచి లైను లైనుకీ సుమారు 7.67 చొప్పున. కాబట్టి రెండు నుంచి ఆరు దాకా అందరూ నికరంగా 400 మీటర్లు పరిగెత్తారు. మొదటి లైనులో పిల్ల ఒక్కతే 399.37.

అచ్చొచ్చిన లైను వెనక ఉన్నది అదీ. 65 సెకన్లలో పరిగెత్తే అమ్మాయికి 63 సెంటీమీటర్లంటే సెకనులో పదో వంతు. ఆ పదో వంతులోనే ఒకరు మెడ చాచి గెలుస్తారు, ఒకరు ఏడుస్తారు.

సార్‌కి కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి స్పోర్ట్స్ డే రిజిస్టర్లు తెచ్చారు, అట్టలు ఊడిపోయినవి కూడా. ఎర్ర పెన్నుతో ప్రతి ఏడాదీ 400 మీటర్ల పేజీ అంచున "మొదటి లైను 399.37 మీ." అని రాసుకుంటూ పోయారు. ఎవరూ అడగలేదు ఆయన్ని. నేను ఆ పక్కనే కూర్చున్నాను. ఈ వృత్తిలో నేను చూసిన నిజాయితీ పనుల్లో అది ఒకటి.

గేలరీ మాట

స్థలం 181 మీటర్ల పొడవు, 98 మీటర్ల వెడల్పు. ఎనిమిది లైన్లతో ట్రాక్ వేస్తే దాని బయటి కొలత 176.91 ఇంటూ 92.52. పరిగెత్తే పిల్ల తూలి పక్కకి పడినా దెబ్బ తగలకుండా చుట్టూ ఒక మీటరు ఖాళీ వదలాలి. అంటే వెడల్పులో 94.52 పోయింది, మిగిలేది 3.48. అయిదు మెట్ల గేలరీకి, మెట్టుకి 75 సెంటీమీటర్ల చొప్పున, 3.75 కావాలి. ఎలా చూసినా 27 సెంటీమీటర్లు చాలవు. కొండ వైపు నుంచి వచ్చే నీటికి కాలువ తవ్వాల్సిన జాగా ఇంకా ఇందులో కలపనేలేదు.

కమిటీ ముందు ఈ లెక్క పెడితే ప్రెసిడెంటు గారు అన్నారు: "ఏటండీ ఇంజినీరు గారూ, గేలరీ లేకపోతే దాన్ని స్టేడియం అని ఎవులంటారు?"

ఆయన మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. ఊరు మొత్తం కూర్చుని తన పిల్లని చూడాలనుకోవడం మంచి కోరిక. అందుకే ఫోనులో గ్లాస్గో హాంప్‌డెన్ పార్క్ ఫొటోలు తీసి అందరికీ చూపించాను. అది ఫుట్‌బాల్ స్టేడియం. 2014 కామన్వెల్త్ క్రీడల్లో అథ్లెటిక్స్ అక్కడే పెట్టారు. ఫుట్‌బాల్ మైదానం కన్నా ట్రాక్‌కి జాగా ఎక్కువ కావాలి, చుట్టూ కుర్చీలు అడ్డం. స్టేడియం గిన్నెలా ఉంటుంది కదా, అడుగు ఇరుకు, పైకి వెళ్ళేకొద్దీ వెడల్పు. వాళ్ళు నేలనే ఇనుప కాళ్ళ మీద దాదాపు రెండు మీటర్లు పైకి లేపి, ఆ వెడల్పులో ట్రాక్ పరిచారు. కింది వరసల కుర్చీలు పోయాయి. పోతే పోనీ అనుకున్నారు. క్రీడలు అయిపోయాక అంతా విప్పేసి మళ్ళీ ఫుట్‌బాల్‌కి ఇచ్చేశారు.

"అంటే ట్రాక్ కోసం కుర్చీలు తీసేసినారా?" అని ఒక పెద్దాయన మళ్ళీ అడిగారు. అవునన్నాను. ఆ గదిలో గాలి అక్కడే మారింది.

లండన్ సంగతి కూడా చెప్పాను. 2012 ఒలింపిక్ స్టేడియంలో 80,000 మంది పట్టేవాళ్ళు. అందులో 55,000 సీట్లు తర్వాత విప్పుకునేలా కట్టినవి. మాంట్రియల్ 1976 ఒలింపిక్స్ కోసం చేసిన అప్పు తీరేసరికి 2006 వచ్చింది. మన హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం 2002 జాతీయ క్రీడలకీ, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలకీ, 2007 ప్రపంచ సైనిక క్రీడలకీ పనికొచ్చింది. ఆ సముదాయంలోని పెద్ద భవనం 2020లో కరోనా ఆసుపత్రి అయింది. క్రీడలు నడిచేది పది పదిహేను రోజులు, కట్టడం ఉండేది యాభై ఏళ్ళు. ఆ యాభై ఏళ్ళూ దాన్ని ఎవరు వాడతారు, ఎవరు ఊడుస్తారు అని ముందే అడిగినవాళ్ళు బాగుపడ్డారు.

రేకుల కప్పు గురించి నేను పెద్దగా చెప్పక్కర్లేకపోయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఈ జిల్లాని ఎలా కొట్టిందో వాళ్ళకే బాగా తెలుసు. స్కూలు సైకిల్ షెడ్డు రేకు ఎగిరి ఎదురింటి గోడలో దిగిందట.

కప్పు వద్దనుకున్నారు. సిమెంటు గేలరీ మాత్రం మనసులోంచి పోలేదు. దానికి మార్గం చూపింది ఆ ఊరి పందిళ్ళ మేస్త్రి. అమ్మవారి సంబరానికి ఏటా ఆయనే సరుగుడు బాదులతో మెట్లు మెట్లుగా గేలరీ కడతాడు, వందల మంది కూర్చుని నాటకం చూస్తారు, మర్నాడు విప్పేస్తాడు. "అదే ఇక్కడా కడతాను, గోతులు తియ్యడానికి జాగా చూపించండి" అన్నాడు. లండన్ వాళ్ళు ఇనుముతో చేసింది ఈయన కర్రతో ఎప్పటి నుంచో చేస్తున్నాడు. పడమటి వైపు ట్రాక్‌కి బయట, నేలలో ఇనుప పైపు ముక్కలు నిలువుగా దింపి చుట్టూ కాంక్రీటు పోశాం. కావలసినప్పుడు మూత తీసి బాదు దించడమే. గోతులు తవ్వే పని లేదు, ట్రాక్ మీద గునపం పడదు. ఊరి ఆటస్థలాల్ని పాడుచేసేది వానకన్నా ఎక్కువగా పెళ్ళి పందిళ్ళ గోతులే. పైపులు పెట్టాక ఆ బెడద తీరింది.

చివరికి ఒప్పుకున్న ప్లాను: చుట్టూ ఆరు లైన్లు, పడమటి సూటి భాగంలో మాత్రం ఎనిమిది. వెడల్పు 90.08 మీటర్లు. ఆ సూటి భాగంలో, హర్డిల్స్‌కి కూడా సరిపోయేలా, మొదలుకి వెనక 3 మీటర్లు, ముగింపు తర్వాత 17 మీటర్లు వదిలాం. గేలరీకి జాగా, కాలువకి జాగా రెండూ కుదిరాయి. ఆర్చి తర్వాతి సంగతి అన్నారు.

తెల్లవారుజామున టేపు

సింథటిక్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. ఒలింపిక్స్‌లో సింథటిక్ ట్రాక్ మొదట వచ్చింది 1968 మెక్సికోలో. అంతకుముందు మహామహులంతా బొగ్గు రజను మీద, మట్టి మీద పరిగెత్తినవాళ్ళే. సింథటిక్ వేసే డబ్బు ఈ ఊరికి లేదు. ఉన్నా పదేళ్ళకోసారి మళ్ళీ పరిచే డబ్బు ఎక్కడిది? కింద రాళ్ళ సోలింగ్, దానిపైన గ్రావెల్, పైన జల్లించిన ఎర్ర మొరం, కొంచెం బంకమన్ను, బొగ్గు రజను. నీళ్ళు కొట్టి రోలర్ తిప్పడం. ఇవి అందరికీ తెలిసిన పనులే.

నేను మొండిగా పట్టుబట్టింది కొలత దగ్గర. జనవరిలో తెల్లవారుజామున రెండు మలుపుల కేంద్రాలూ పాతాం, 84.39 మీటర్ల ఎడంలో. ఒక్కోటీ మూడడుగుల లోతు కాంక్రీటు దిమ్మ, మధ్యలో స్టీలు మేకు, పైన మూత. అవి శాశ్వతంగా ఉంటాయి. రేపు నేను లేకపోయినా, ఎవరొచ్చినా మూత తీసి ట్రాక్‌ని మళ్ళీ గీయొచ్చు. సూటి భాగాల నాలుగు కొసలూ కలిపితే దీర్ఘచతురస్రం రావాలి, మూల నుంచి మూలకి రెండు వైపులా 111.58 పడాలి. మూడోసారికి పడింది.

తెల్లవారుజామునే ఎందుకంటే, స్టీలు టేపు 20 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉండేలా తయారవుతుంది. ఎండలో 42 డిగ్రీలకి వేడెక్కితే 84.39 మీటర్ల మీద రెండు సెంటీమీటర్లు సాగుతుంది. మొత్తం ట్రాక్ మీద ఒప్పుకునే తేడా 4 సెంటీమీటర్లు, అదీ ఎక్కువ వైపే. ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గకూడదు. టేపు కొసకి స్ప్రింగు త్రాసు తగిలించి ప్రతిసారీ ఒకే బలంతో లాగాం. పక్కన చలికి దుప్పటి కప్పుకున్న మేస్త్రి కొడుకు టార్చి పట్టుకున్నాడు.

కర్బ్‌కి అల్యూమినియం తెప్పించలేదు. సైట్లోనే చెక్క అచ్చుల్లో అర మీటరు సిమెంటు ముక్కలు పోశాం, పిల్లలు ఉత్తి కాళ్ళతో పరిగెత్తుతారు కాబట్టి అంచులు గుండ్రంగా రుద్దాం. తిన్నని ముక్కలతో మలుపు ఎలా వస్తుందని మేస్త్రికి అనుమానం. 36.50 వ్యాసార్థం మీద అర మీటరు ముక్క మధ్యలో వచ్చే తేడా మిల్లీమీటరు కూడా కాదు. మూడు ముక్కలకి ఒక సందు వదిలాం, ట్రాక్ మీది నీరు లోపలి కాలువలోకి పోవడానికి. అడ్డంగా లోపలికి వాలు నూటికి ఒకటి, ఆరు లైన్ల మీద ఏడు సెంటీమీటర్ల పైచిలుకు. అంతకన్నా ఎక్కువ ఇవ్వకూడదు.

చెరువు

మే నెలాఖరుకి పని అయిపోయింది. 2024 జూలైలో ఆ ట్రాక్ మీద మోకాలి లోతు నీరు నిలిచింది.

తప్పు నాది. లోపలి కాలువ నీటిని ఈశాన్యం మూల నుంచి ఊరి చెరువులోకి వదిలాను. లెవెల్ మిషన్ పెట్టి చూసింది జనవరిలో, అప్పుడు చెరువు అడుగంటి ఉంది. వాలు బ్రహ్మాండంగా కనిపించింది. జూలైలో చెరువు నిండితే నీటిమట్టం నా పైపు నోటికన్నా పైన ఉంది. నీరు బయటికి పోవడం మానేసి చెరువే లోపలికి వచ్చింది. అక్కడ భూమి ఉన్న రైతు ఒకాయన సర్వే రోజునే అన్నాడు, "నీరు పల్లమెరుగు బాబూ, ఆ మూలకి ఎక్కువొస్తాది" అని. నేను తలూపి నా మిషన్ చూసుకున్నాను. చెరువు గట్టు రాయి మీద పాత నీటి మరక కూడా ఉంది, ఒక్కసారి దాన్ని కొలిచి ఉంటే సరిపోయేది.

అప్పుడే టీవీలో పారిస్ ఒలింపిక్స్. ఐఫిల్ టవర్ పక్కన విప్పేసే గేలరీల మధ్య బీచ్ వాలీబాల్, 1900 నాటి గ్రాండ్ పాలేలో కత్తిసాము. ప్రెసిడెంటు గారు ఫోను చేసి "మీరు చెప్పినట్టే కట్టినారండీ వాళ్ళు" అన్నారు. మా ట్రాక్ నీళ్ళలో ఉండగా ఆయన ఆ మాట అనడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. పారిస్‌లోనూ వాన పడి సెయిన్ నది నీరు చెడి, మగవాళ్ళ ట్రయాథ్లాన్‌ని ఒక రోజు వెనక్కి జరిపారు. ఎంత డబ్బు పెట్టినా వాన నీటికి లెక్క చెప్పాల్సిందే.

మరమ్మతు ఖర్చు నేను భరించాను. వానలు వెనకబట్టాక ఆ రైతునే ముందు నడిపించి దారి చూశాం. దక్షిణం వైపు పొలాల అవతల చిన్న గెడ్డ, అంటే వాగు, ఉంది, అది చెరువు నిండు మట్టం కన్నా కింద నడుస్తుంది. కాలువని అటు తిప్పి, పాత పైపు నోరు మూసేశాం. కొట్టుకుపోయిన పై పొర, ముఖ్యంగా ఉత్తరం మలుపులో, మళ్ళీ వేశాం. 2025 వానల్లో రెండుసార్లు వెళ్ళి చూశాను. గంటన్నర జోరు వాన తర్వాత రెండు గంటల్లో అడుగు పెట్టగలిగేలా ఆరింది.

ఇప్పుడు

2025 నవంబరు 26న 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కి ఖాయమయ్యాయి. ఆ సాయంత్రమే ఫోను వచ్చింది, ఆర్చి సంగతి ఏమైందని. 2026 క్రీడలు ముందు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం పెడతానంది, 2023 జూలైలో ఖర్చు ఎక్కువని వదులుకుంది. గ్లాస్గో తీసుకుని పది క్రీడలతో, ఉన్న నాలుగు వేదికల్లోనే సర్దుకుంటోంది. ఇదంతా చెప్పి, ఆర్చి డబ్బుతో రోలర్ ఒకటి సొంతంగా కొనుక్కోమన్నాను. అద్దె రోలర్ కోసం ఎదురుచూసి రెండు నెలలు పై పొర వదులైపోతోంది. ఇంకా తేల్చలేదు.

ఈ జనవరిలో ట్రాక్ మళ్ళీ కొలిచాం. పొద్దున్న ఆరున్నర, మంచు ఇంకా విడలేదు. దిమ్మల మూతలు తీసి ఒక్కో మలుపులో పన్నెండు చోట్ల వ్యాసార్థం చూశాం. అప్పట్లో ఫస్టు లైను అచ్చొస్తుందన్న అమ్మాయి ఇప్పుడు ప్లస్ టూ చదువుతోంది. టేపు ఆ కొస తనే పట్టుకుంది, సార్ త్రాసు చదివారు. సగటున 36.503 వచ్చింది. మొత్తం 400.02. సార్ రిజిస్టరులో కొత్త పేజీ తీసి, తేదీ వేసి, ఈసారి నీలం పెన్నుతో రాశారు. ఆ అమ్మాయి చేత కూడా సంతకం పెట్టించారు. అప్పటికే చిన్న పిల్లలు డబ్బా చుట్టూ మూగి లైన్ల చీటీలు తీస్తున్నారు.